బోడి డాలరు

ఎల్వుడ్ గారి భోజనాల బల్ల మీద నాణేలు ఉన్నంతసేపూ కాఫీకి ప్రవేశం లేదు. తాగాలనిపిస్తే వంటింట్లోకి వెళ్లి, నిలబడి తాగి, చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని రావాలి. ఆ మధ్యాహ్నం నేను మూడోసారి లేచేసరికి ఆయన కళ్లద్దాల పైనుంచి చూశారు.

"మారెన్, ఫొటోలు తియ్యడానికి వచ్చావా, నా కాఫీ ఖాళీ చెయ్యడానికి వచ్చావా?"

"రెండూ ఒకే రేటుకి చేస్తున్నానండీ. మీకే లాభం."

"నోరు మాత్రం ఉచితం" అన్నారు ఆయన.

నా పని నాణేలకి ఫొటోలు తియ్యడం, కొలతలు తీసివ్వడం. పంతొమ్మిదో ఏట పాత కెమెరా ఒకటి కొని, చెక్కముక్కలతో స్టాండు నేనే చేసుకుని మొదలుపెట్టాను. పోయినేడు వెయ్యీ నూట నలభై నాణేలు తీశాను. మిల్లీమీటరులో పదోవంతు తేడా వచ్చినా నాకు నిద్రపట్టదు. అందుకే ఎల్వుడ్ స్ట్రిక్లర్ గారు నన్ను నది ఒడ్డున మారియెట్టా అనే ఊళ్లోని తన ఇంటికి పిలిచారు. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరైన మనిషి. డెబ్భై ఒకటి. భార్య పోయి తొమ్మిదేళ్లు. నలభై ఏళ్లుగా ఆయన వెతికింది ఒక్కటే: 1799లో ఫిలడెల్ఫియాలో ఒకే ఒక్క అచ్చు నుంచి దిగిన వెండి డాలర్లు.

అచ్చు ఉక్కుది. అప్పట్లో మనుషులే మర పిడి లాగి దాన్ని వెండి బిళ్ల మీద కొట్టేవాళ్లు. దెబ్బ మీద దెబ్బ పడితే ఉక్కయినా పగులుతుంది. ఆ పగుల్లోకి వెండి దూరి నాణెం మీద సన్నటి ఉబ్బు గీతగా లేస్తుంది. ఇంకొన్ని నాణేలయ్యాక ఆ గీత ఇంకాస్త పొడుగు. ఆ రోజుల్లో మంచి ఉక్కుకి కరువు కాబట్టి, అచ్చు ముక్కలయ్యేదాకా వాడేవాళ్లు. నాణేలు పోగేసే మాలాంటి వాళ్లకి ఆ గీతలంటే పిచ్చి. ముఖం తేటగా ఉన్న డాలరుని వదిలేసి, ముఖం చీలిన దానికి నాలుగు రెట్లు పోసి తెచ్చుకుంటాం.

వాల్‌నట్ చెక్కతో ఆయన తన చేత్తో చేసిన పళ్లెంలో ఆరు గుంటలున్నాయి. అయిదింట్లో అయిదు డాలర్లు. మొదటిదాని మీద పగులు వెంట్రుకంత, అంచు దగ్గర. రెండోదానికి, నాణెం మీది ఆడమనిషి బొమ్మ జుట్టులోకి దిగింది. అయిదోదానికి చెంప దాటి గడ్డం కిందికి వచ్చి ఆగింది. ఆరో గుంట ఖాళీ. పగులు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోయి, అచ్చు రెండుగా విడిపోయే ముందు పడిన ఆఖరి నాణెం కోసం. అలాంటిది ఎవరూ చూడలేదు. ఉండితీరాలని ఈయన నమ్మకం.

"ఉందో లేదో తెలియని దానికి గుంట తవ్వారేంటండీ?"

"పిల్ల పుట్టకముందే ఉయ్యాల కొనరా?" అన్నారు ఆయన. ఆయనకి పిల్లల్లేరు. నేను నవ్వలేదు.

నాణేన్ని సరిగ్గా చూడాలంటే గది చీకటిగా ఉండాలి. ఒక్క పాత బల్బు దీపం, దాని కింద నాణేన్ని వంచుతూ చూడాలి. అప్పుడే గీత పైకి లేస్తుంది. అందుకని పట్టపగలే తెరలు దించి, లైట్లన్నీ ఆర్పేశాం. బయట పొద్దున్నుంచీ మంచు. రోడ్డు మీద బండి చప్పుడు లేదు. లోపల పాత చెక్క వాసన, పళ్లెంలో పరిచిన పచ్చగుడ్డ వాసన, వేడెక్కిన బల్బు మీద దుమ్ము కాలుతున్న వాసన.

విడివిడి ఫొటోలు అయ్యాయి. ఇక పళ్లెం మొత్తానికి ఒకటి. కెమెరాలో చూస్తే ఆ ఖాళీ గుంట ఫొటోనంతా మింగేస్తోంది. మావాళ్లు ఖాళీ గుంటని చూసి ఊరుకోలేరు. అసలుది దొరికేదాకా ఏదో ఒక చెత్త నాణెం అందులో పెట్టుకోవడం మాలో అలవాటు. నా సంచీలో ఒక బోడి డాలరు ఉంది. అదీ ఆ కాలానిదే. సెప్టెంబరులో సంతలో నలభై డాలర్లకి కొన్నాను. రెండు వైపులా అరిగి అరిగి సబ్బు బిళ్లలా నున్నగా అయిపోయింది. ముఖం లేదు, వెనకవైపు గద్ద లేదు, సంవత్సరం లేదు. చుట్టూ అంచు మీద రెండు మూడు అక్షరాల జాడ మాత్రం మిగిలింది. ఉండాల్సిన బరువు ఇరవై ఆరు గ్రాముల తొంభై ఆరు. ఉన్నది ఇరవై నాలుగు ముప్ఫై ఒకటి.

"ఛీ! ఆ బోడిదాన్ని నా పిల్లల పక్కన కూర్చోబెడతావా?"

"ఒక్క ఫొటోకే కదండీ. పెళ్లి ఫొటోలో దూరపు చుట్టంలాగా. తర్వాత కత్తిరించేద్దాం."

ఆయన పకపకా నవ్వారు. నేను దాన్ని ఆరో గుంటలో పెట్టి వేలితో నొక్కాను.

అప్పుడు వినిపించింది.

మొదట కిర్రుమని. పెద్ద మర ఏదో తిరుగుతున్నట్టు. దాంతోపాటు, చాలా కింద నుంచి, ఇద్దరో ముగ్గురో మనుషులు ఒకేసారి ఊపిరి బిగపట్టి లాగుతున్న చప్పుడు... తర్వాత ధబ్‌మని ఒక దెబ్బ. బల్ల మీది దీపం సన్నగా వణికింది.

"మంచు ఎత్తే బండి అయ్యుంటుంది" అన్నారు ఆయన. అంటూనే చెంప పట్టుకున్నారు. "అబ్బ! పన్ను జివ్వుమంది."

నేను పట్టించుకోలేదు. నా కళ్లు పళ్లెం మీదున్నాయి. బోడి డాలరు అంచు దగ్గర ఒక గీత ఉంది. అంతకుముందు లేదు. వందసార్లు చూశాను దాన్ని, లేదు.

ఎల్వుడ్ గారు భూతద్దం తీసుకుని వంగారు. అద్దాన్ని ఆ గీత పొడుగునా నడిపించారు. అప్పుడు గొంతు తగ్గించి, "ఇది నా పగులు" అన్నారు. "ఇదే చోటు. ఇదే వంపు."

ఒకసారి అచ్చు పడిన నాణెం మీద పగులు పెరగదు. పగిలేది అచ్చు. నాణెం ఎప్పటికీ పడినట్టే ఉంటుంది. ఇది మా విద్యలో మొదటి పాఠం. ఆ క్షణమే దాన్ని తీసి అవతల పెట్టాల్సింది. నేనేం చేశానో చెప్తాను. కొలిచాను. ఆరు మిల్లీమీటర్ల రెండు. తూచాను. ఇరవై నాలుగు డెబ్భై ఎనిమిది. బరువు పెరిగింది. దాదాపు అర గ్రాము. టైము మూడూ ఇరవై రెండు అని రాసుకుని... మళ్లీ గుంటలో పెట్టాను.

ఎందుకు పెట్టావని నన్ను ఇప్పుడు ఎవరడిగినా జవాబు ఒక్కటే. రెండో కొలత కావాలి. ఒక్క కొలతతో లెక్క కుదరదు.

మూడూ ముప్ఫై మూడుకి మళ్లీ ఆ కిర్రు. ఆ ఊపిరి. ధబ్. ఈసారి వాసన కూడా వచ్చింది. కాలిన కొవ్వు, గుర్రపు చెమట, వేడి ఇనుము.

"ఈ ఇంటి కింద ఏముందండీ?"

"ఏమీ లేదు. డెబ్భై రెండులో వరదలొచ్చినప్పుడు కింది గది మునిగింది. మా మామగారు రాళ్లూ మట్టీ నింపి, పైన కాంక్రీటు పోయించారు." ఆయన నాలుకతో లోపల ఏదో తడుముకుంటున్నారు. "మారెన్, నా ఫిల్లింగ్ ఊడింది. కానీ నోట్లో లేదు. మింగలేదు కూడా."

"ఒక్క నిమిషం ఉండండి" అన్నాను. పగులు పన్నెండు ఒకటి. బరువు ఇరవై అయిదు ఇరవై రెండు.

మూడూ నలభై నాలుగు. ధబ్. పద్దెనిమిది మూడు. ఇరవై అయిదు అరవై ఏడు.

మూడు కొలతలు. లెక్క కుదిరింది. పదకొండు నిమిషాలకి ఒక దెబ్బ. దెబ్బకి ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. దెబ్బకి గ్రాములో నలభై అయిదో వంతు... కాదు, తప్పు చెప్తున్నాను, పాయింటు నలభై అయిదు. ఆ సాయంత్రం గురించి చెప్పేటప్పుడు ఇక్కడ ఎప్పుడూ తడబడతాను. ఎందుకంటే తలెత్తి చూశాను. ఎల్వుడ్ గారు నోరు తెరుచుకుని, దీపం వైపు తిరిగి, వేలితో చూపిస్తున్నారు.

దీపం మెడ వంచి లోపల చూశాను. మూడు దంతాల్లో మూడు గుంటలు. నల్లగా, శుభ్రంగా. రక్తం లేదు. గీకిన జాడ లేదు.

"అవి దేంతో పోయించారు?" అన్నాను.

"అప్పట్లో ఇంకేముంది? వెండి."

ఆ రోజుల్లో టంకసాలకి జనం తమ వెండి తామే తెచ్చుకునేవాళ్లు. పళ్లేలు, చెంచాలు, విరిగిన బకిల్సు. ఇచ్చిన వెండిని కరిగించి, దాంతోనే డాలర్లు కొట్టి వాళ్లకే ఇచ్చేవాళ్లు. ఎవరి వెండితో వాళ్ల నాణెం. ఈ సంగతి నాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"మొత్తం ఎన్ని ఫిల్లింగ్‌లండీ మీకు?"

"ఆరు."

నాణెం పూర్తి బరువుకి ఇంకా కావాల్సింది ఒకటీ పాయింటు ఇరవై తొమ్మిది గ్రాములు. అంటే మూడు దెబ్బలు. మూడు పళ్లు. బరువు లెక్క సరిపోయింది. కానీ పగులు అవతలి అంచుకి చేరాలంటే ఇంకా ఇరవై ఒక్క మిల్లీమీటర్లు. మూడు దెబ్బలకి అంత దూరం పోదు. నాలుగు కావాలి.

బరువు మూడు అంటోంది. పగులు నాలుగు అంటోంది.

ఆ నాలుగోది ఏం తీసుకుంటుంది?

ఇది ఆయనకి చెప్పలేదు. నాణేన్ని తియ్యబోయాను. రాలేదు. మూడుసార్లు ఇట్టే వచ్చింది, ఇప్పుడు గుంటకి కరుచుకుపోయింది. పట్టుకుంటే కాలుతోంది. నా సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీశాను.

"ఇనుము తగిలించకు!" ఎల్వుడ్ గారు నా మణికట్టు పట్టేసుకున్నారు. "గీత పడుతుంది!"

మీరు నవ్వుకోవచ్చు. నేను ఆగిపోయాను. నాలుగేళ్లుగా నా చేతులకి నేర్పుకున్నది అదొక్కటే, నాణేనికి ఇనుము తగలకూడదని. ఇద్దరం పిచ్చివాళ్లలా వెదురుపుల్ల కోసం సొరుగులన్నీ వెతికాం. వెదురుపుల్ల దొరికింది. దూర్చాను. విరిగింది. ఇంకోటి. విరిగింది.

కిర్రు...

మూడూ యాభై అయిదు. ధబ్.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "పొడిచెయ్" అన్నారు. "ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

అప్పుడు స్క్రూడ్రైవర్ వాడాను. బలమంతా పెట్టి పొడిచాను. మొన జారింది. గీత కూడా పడలేదు.

ఫోనులో అత్యవసర నంబరు 911 నొక్కాను. ఒకావిడ ఎత్తింది. ఏమైందని అడిగింది.

"పెద్దాయనకి... పళ్లలో వెండి పోతోందండీ."

"మేడమ్, ఆయన ఊపిరి తీసుకుంటున్నారా?"

"తీసుకుంటున్నారు. గుండె నొప్పి. అదే, గుండె నొప్పి అని రాసుకోండి. త్వరగా పంపండి."

"వంతెన మీద లారీ అడ్డం తిరిగింది. అరగంట పడుతుంది. ఆయన్ని కదలనివ్వకండి."

గడియారం చూశాను. మూడూ యాభై ఎనిమిది. అరగంటంటే నాలుగూ ఇరవై ఎనిమిది. ఆఖరి దెబ్బ నాలుగూ ఇరవై ఎనిమిదికి. లెక్కల్లో నేను ఎప్పుడూ తప్పను. జీవితంలో మొదటిసారి తప్పాలని కోరుకున్నాను.

మిగతా అయిదు డాలర్లనీ తీసి బల్ల మీద పెట్టి, పళ్లేన్ని చంకనపెట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. మోకాళ్ల లోతు మంచు. కట్టెలు కొట్టే మొద్దు మీద పళ్లెం పెట్టి గొడ్డలి ఎత్తాను. ఒక్క దెబ్బకి చెక్క రెండుగా చీలింది. నాణెం మంచులో పడి బుస్సుమంది. చేతిగుడ్డతో తీశాను. దిగువన రెండు వందల అడుగుల్లో నది. విసిరేద్దామని చెయ్యి వెనక్కి తీశాను.

కాళ్ల కింద, మంచు కింద, నేల కింద... కిర్రుమంది. ఆ లాగేవాళ్లు ఊపిరి పీల్చారు. ధబ్. నా మోకాళ్లదాకా తెలిసింది.

"విసరకు!"

ఎల్వుడ్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇంట్లో వేసుకునే చెప్పులతో. నోరు సరిగా తిరగడం లేదు.

"నా పళ్లు అందులో ఉన్నాయి పిల్లా. అది నీళ్లలో పడితే... నేనెక్కడ పడతానో మనకి తెలుసా?"

తెలియదు. ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అలా చెయ్యెత్తుకుని ఎంతసేపు నిలబడ్డానో. విసిరితే ఏమవుతుంది? విసరకపోతే ఏమవుతుంది? రెంటికీ నా దగ్గర కొలత లేదు.

ఆయన్ని పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. నాణేన్ని బల్ల మీద ఉంచాను. నా చెవి రింగులు తీశాను. అసలైన వెండివి. దాని మీద పెట్టాను.

"ఇవి తీసుకో" అన్నాను నాణేనికి. "ఇదిగో. వీటి బరువు రెండు గ్రాములు. సరిపోతుంది. నీకు కావాల్సింది వెండే కదా... ఇవి తీసుకో."

ఎల్వుడ్ గారు నెమ్మదిగా అన్నారు. "అది నీది కాదమ్మా. గుంట తవ్వింది నేను."

నాలుగూ పదిహేడు. ధబ్.

రింగులు అలాగే ఉన్నాయి.

ఆయన చాలాసేపు నాలుకతో నోరంతా తడుముకున్నారు. చివరికి, "ఆరూ పోయాయి" అన్నారు. అడిగారు, చిన్నపిల్లాడిలా: "ఇంక అయిపోయినట్టేనా?"

"అయిపోయిందండీ" అన్నాను. "బరువు సరిపోయింది. ఇంకేం లేదు. అంబులెన్సు వస్తోంది."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆయన ముఖంలో రంగు కాస్త తిరిగొచ్చింది. నాలుగూ ఇరవై.

"అయితే ఇటు ఇవ్వు" అన్నారు. "నలభై ఏళ్లు వెతికాను. పళ్లు కూడా ఇచ్చాను. ఒకసారి చూడనివ్వవా?"

"వద్దండీ. తర్వాత చూద్దురుగాని."

"ఇవ్వు మారెన్."

ఇచ్చాను. దీపం దగ్గరికి లాక్కున్నారు. భూతద్దం కంటికి పెట్టుకున్నారు. చేతులు వణకడం లేదు. నాణెం చేతిలో ఉంటే ఆయన చేతులు ఎప్పుడూ వణకవు. మెల్లగా వంచుతూ, గీత వెంట కన్ను నడిపిస్తూ, ఈ అంచు నుంచి... మధ్యకి... మధ్య నుంచి అవతలికి...

ఆగారు.

భూతద్దం కిందికి దించలేదు. ఈ దేశంలో ఆ పగులుని ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. ఆయనకా నేను అబద్ధం చెప్పింది!

"అంచు తాకలేదు" అన్నారు.

నేను బల్ల మీది రింగులు తీసి జేబులో వేసుకున్నాను.

"ఇంకొకటి ఉంది." భూతద్దం దించి నా వైపు చూశారు. కోపం లేదు. "నీకు ముందే తెలుసు."

"పగులు లెక్క నాలుగు వచ్చింది. నేను... మూడు కొలతలే కదా తీసింది, తప్పు అయ్యుండొచ్చు..."

"నువ్వు తప్పవు. అందుకేగా నిన్ను పిలిచాను." నాణేన్ని బల్ల మీద పెట్టారు. అరచెయ్యి నా వైపు చాపారు. పట్టుకున్నాను. చల్లగా ఉంది. "టైము చెప్పకు. గడియారం అటు తిప్పెయ్యి."

తిప్పేశాను. కానీ నాకు తెలుస్తూనే ఉంది. నా తలలో ఒక్కో నిమిషం రాలుతూనే ఉంది. ఆరు. అయిదు. ఆయన ఏవో మాట్లాడుతున్నారు... ఆ మొదటి డాలరు యార్కు ఊళ్లో ఏ కొట్లో కొన్నారో, వాళ్లావిడ ఎంత తిట్టిందో. "దానిమీద పెట్టిన డబ్బుతో నాకో వంటగది వచ్చేది అంది." నవ్వారు. మూడు. రెండు. దూరంగా సైరన్. తెర మీద ఎర్రటి వెలుగు తిరగడం మొదలైంది.

"వచ్చేశారు!" అన్నాను. "వచ్చేశారండీ!"

కిర్రు.

ఈసారి కింద నుంచి కాదు. బల్ల అవతల నుంచి. చీకటిలో, మాకు నాలుగడుగుల దూరంలో, ఆ లాగేవాళ్లు ఊపిరి బిగపట్టారు.

ఎల్వుడ్ గారు నా చెయ్యి నొక్కారు. "చూడకు" అన్నారు.

తలుపు మీద చేత్తో కొట్టిన చప్పుడూ, ఆ దెబ్బా ఒకేసారి పడ్డాయి.

అంబులెన్సు వాళ్లు ఇరవై నిమిషాలు ఆయన ఛాతీ మీద నొక్కారు. గుండె ఆగిందన్నారు. ఆ వయసుకి మామూలే అన్నారు. నోటిలో పళ్ల సంగతి నేను చెప్తే, కుర్ర డాక్టరు రాసుకోలేదు.

ఆయన మేనల్లుడు అయిదు డాలర్లనీ తీసుకెళ్లాడు. "ఈ బోడిది ఎవరిది?" అన్నాడు. నాదే అన్నాను. నాదే కదా.

ఇంటికొచ్చి తూచాను. ఇరవై ఆరు తొంభై ఆరు. కచ్చితంగా. ఆ ఆఖరి దెబ్బకి ఏం పోయిందో తూకానికి అందలేదు. పగులు ఈ అంచు నుంచి ఆ అంచుకి, జుట్టు, చెంప, గడ్డం ఏమీ లేని నున్నటి వెండి మీద, ఒక్క గీత. అంతే.

మూడు నెలలైంది. అది ఇంకా చల్లారలేదు. కిటికీలో మంచు పక్కన పెట్టి చూశాను, ఫ్రిజ్‌లో పెట్టి చూశాను. కొలవకుండా ఉండలేను కాబట్టి జ్వరం చూసే థర్మామీటరు పెట్టాను. ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం. తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. రాసుకున్నాను. నూట ఎనభై సార్లు అదే అంకె. అలవాటైపోయింది కూడా.

మొన్న మంగళవారం సాయంత్రం తొంభై తొమ్మిది. బుధవారం నూరు. ఈ రోజు పొద్దున్న నూట రెండు పాయింటు ఆరు. బల్ల మీద పెడితే ఉండుండి సన్నగా వణుకుతోంది.

తడిగుడ్డ మడిచి దాని మీద వేశాను. ఆరిపోతుంటే మళ్లీ తడుపుతున్నాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియడం లేదు.